పాత మారుతి, అరవై కిలోల దిమ్మె: షెడ్డులో నాలుగు నెలల ప్రాజెక్టు డైరీ

జూన్ 8

నాన్న మారుతి 800 ఇవాళ జీడిమెట్లలోని మా షెడ్డుకి వచ్చింది. 1992 మోడల్, ఏపీ 31 నంబరు. విశాఖలో ఉద్యోగం చేస్తున్నప్పుడు నాన్న కొన్న బండి ఇది. రిటైరయ్యాక సామానంతా లారీలో పంపించి, అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఇందులోనే హైదరాబాద్ వచ్చారు.

మా అమ్మాయికి మొన్న పద్దెనిమిది నిండాయి. డ్రైవింగ్ నేర్చుకుంటే తాతయ్య బండి మీదే నేర్చుకుంటానని పట్టుబట్టింది. నాన్న మురిసిపోయారు. "అప్పటి ఇనుమురా అది. ఇప్పటి బండ్లు వేలితో నొక్కితే సొట్టపడతాయి" అన్నారు. పాత బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ మాట వినపడుతుంది. నాకూ ఈ బండంటే ప్రాణమే. కానీ ఇరవై ఏళ్లుగా రేకుతోనే పని చేస్తున్నాను. రేకు గట్టిగా ఉండటం వేరు, గుద్దుకున్నప్పుడు లోపలి మనిషిని కాపాడటం వేరు. ఈ సంగతి నాన్నకి మాటలతో చెబితే ఎక్కదు, చూపించాలి. నేను కూడా ఒకసారి కళ్లారా చూసుకోవాలి. కూతుర్ని కూర్చోబెట్టబోయే బండి మరి.

కాబట్టి రెండు పనులు పెట్టుకున్నాను. బండి బాడీలో తుప్పు పట్టిన చోట్లన్నీ కోసి, కొత్త రేకు వేసి, ముందు సీట్లకి బెల్టులు పెట్టడం ఒకటి. దానికంటే ముందు, బండి ముందు భాగంలో ఉండే పెట్టె లాంటి రేకు గొట్టాల నమూనాలు చేసి, వాటి మీద బరువు పడేసి ఏది ఎలా నలుగుతుందో చూడటం రెండోది.

ఇవాళ చూసుకోవడమే సరిపోయింది. ఎడమ వైపు తలుపుల కింద ఉండే రన్నింగ్ బోర్డు మీద స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్లాను. ముందు చక్రం దగ్గర టంగుటంగుమన్న చప్పుడు, వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి డబ్‌డబ్ అని మూగబోయింది. స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం పెడితే అక్కడ అంటుకోలేదు. స్క్రూడ్రైవర్ కొనతో నొక్కితే వేలెడు లోతు దిగింది. పెచ్చు ఊడదీసి చూశాను. పైన తెల్ల పెయింటు, దాని కింద బూడిదరంగు ప్రైమర్, ఆ కింద తొమ్మిది మిల్లీమీటర్ల మందాన పుట్టీ. పుట్టీ వెనక దోమతెర లాంటి జాలీ, జాలీ వెనక కుక్కిన పాత దినపత్రిక. ఒక ముక్క మీద సినిమా హాళ్ల పేర్లు, ఆటల టైములు ఇంకా చదవగలిగేలా ఉన్నాయి. ఆ చోట రేకు అనేదే లేదు. ఎప్పుడో ఒక షాపులో ఈ పని చేయించాం, డబ్బులు కూడా బాగానే తీసుకున్నారు. ఆ తర్వాత ఎన్నేళ్లు నలుగురం ఇందులో తిరిగామో తలుచుకుంటే కడుపులో దేవినట్టయింది.

జూన్ 15

బండి లేపలేదు. లెక్కలు వేసుకున్నాను.

గంటకి 50 కిలోమీటర్లంటే మనకి అదొక వేగమే కాదు. కూకట్‌పల్లి రోడ్డు ఖాళీగా ఉంటే చెయ్యి తెలియకుండానే అక్కడికి పోతుంది. ఆ వేగంతో గోడని గుద్దుకోవడం దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మీద నుంచి, బండి ముక్కు కిందికి పెట్టి పడిపోవడంతో సమానం. 64 కి.మీ. అయితే 16 మీటర్లు, ఐదంతస్తుల పైనే. వేగం పెరిగింది 14 కిలోమీటర్లే, కానీ బండి మింగాల్సిన శక్తి 64 శాతం పెరుగుతుంది.

ఆ శక్తిని ఎవరో ఒకరు మింగాలి. రేకు మింగకపోతే మనిషి మింగాలి. 50 దగ్గర బండి ముందు భాగం అర మీటరు నలిగి ఆగితే లోపలివాళ్ల మీద పడే ఒత్తిడి సగటున 20 జీ, అంటే శరీరం బరువుకి ఇరవై రెట్లు. పావు మీటరులోనే ఆగిపోతే 40 జీ. ఇంకా గట్టిగా ఉండి అసలు నలగకపోతే ఎంతకి పోతుందో చెప్పక్కర్లేదు. గట్టి బండి అని మనం మెచ్చుకునేది ఇక్కడే శత్రువవుతుంది.

ఈ సంగతి మొదట పట్టుకున్నవాడు మెర్సిడెస్‌లో పనిచేసిన బేలా బారెన్యీ. కూర్చునే పెట్టె గట్టిగా ఉండాలి, ముందూ వెనకా ఉన్న భాగాలు మెత్తగా నలగాలి అని 1951లో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. 1959లో వచ్చిన మెర్సిడెస్ డబ్ల్యూ 111 లో దాన్ని అమలు చేశారు. అదే ఏడాది వోల్వోలో నిల్స్ బోలిన్ మూడు చోట్ల బిగించే బెల్టుని బండ్లలోకి తెచ్చాడు. ఈ రెండూ జంట. నలిగే రేకు సమయం సంపాదించి పెడుతుంది, ఆ సమయం మనిషికి దక్కాలంటే బెల్టు మనిషిని బండికి కట్టి ఉంచాలి. బెల్టు లేకపోతే బండి ఆగుతున్నంతసేపూ మనిషి అదే వేగంతో ముందుకి వెళ్తూనే ఉంటాడు, స్టీరింగ్ తగిలేదాకా.

టేపు తెచ్చి మా బండి ముందు భాగం కొలిచాను. బంపర్ నుంచి కాళ్ల ముందున్న రేకు దాకా ఉన్న చోటులో ఇంజిన్, గేర్ బాక్సు అడ్డంగా కూర్చున్నాయి. అవి నలగవు. నలగడానికి మిగిలింది రెండు జానల కంటే తక్కువే. నాన్నకి టేపు పట్టుకోమని ఇచ్చి చూపించాను. ఆయన ఏమీ అనలేదు గానీ రెండోసారి ఆయనే కొలిచారు.

బరువు లెక్క కూడా వేశాను. ఇద్దరు కూర్చున్న మారుతి 800 కిలోలు అనుకుందాం. ఎదురుగా 1,600 కిలోల ఎస్‌యూవీ. రెండూ 50 మీద ఎదురెదురుగా గుద్దుకుని ఒకదానికొకటి ఇరుక్కుపోతే, రెండూ కలిసి మారుతినే వెనక్కి తోసుకుంటూ 17 కి.మీ. వేగంతో కదులుతాయి. అంటే ఎస్‌యూవీలో వాళ్లకి వేగం మారింది 33, మారుతిలో వాళ్లకి 67. రెండింతలు. రేకు ఎంత బాగా వేసినా నేను ఈ లెక్కని మార్చలేను. ఈ పేజీ మూల మడిచి పెట్టుకున్నాను.

జూన్ 29

టవర్ నిలబడింది. రెండు నిలువు గొట్టాలు, వాటి మధ్య జారే దిమ్మె, కింద 25 మి.మీ. ప్లేటు, దాన్ని నేలకి నాలుగు యాంకర్ బోల్టులతో బిగించాం. దిమ్మె బాలానగర్ స్క్రాపులో దొరికింది. 200 మి.మీ. వ్యాసం ఉన్న గుండ్రటి ఇనుము. గైడు పట్టీలు వెల్డింగ్ చేశాక కాటా మీద సరిగ్గా 60 కిలోలకి తెచ్చాను. మూడు మీటర్ల పైనుంచి వదిలితే కిందికి వచ్చేసరికి వేగం దాదాపు 28 కి.మీ., శక్తి 1,760 జౌల్స్. నిజం బండి 50 వేగంలో మింగాల్సిన దానిలో ఇది నలభై నాలుగో వంతు మాత్రమే. కాబట్టి ఇక్కడ వచ్చే అంకెలు బండికి అంటగట్టకూడదు. ఒక నమూనాకీ ఇంకో నమూనాకీ తేడా చూడటానికే.

మొదటిసారి వదిలినప్పుడు దిమ్మె సగంలో ఇరుక్కుంది. గైడు గొట్టాల్లో ఒకటి పైన మూడు మిల్లీమీటర్లు పక్కకి వాలి ఉంది. అరవై కిలోల ఇనుము తల మీద ఎత్తులో ఇరుక్కుని, ఎప్పుడు జారుతుందో తెలియని పరిస్థితి. అందరినీ బయటికి పంపి, చైన్ పుల్లీతో పైనుంచి పట్టుకుని మెల్లగా దించాం. చేతులు చాలాసేపు వణికాయి. అప్పటికప్పుడు రెండు నియమాలు గోడ మీద సుద్దతో రాశాను. దిమ్మె పైన ఉన్నంతసేపూ అడ్డంగా పిన్ను ఉండాలి. పిన్ను తీసేముందు అందరూ పాలీకార్బొనేట్ షీటు వెనక ఉండాలి. గొట్టాలకి గుండు దారం వేసి మళ్లీ నిట్టనిలువుగా సరిచేయడానికి ఇంకో పూట పట్టింది.

జూలై 6

మొదటి రెండు నమూనాలు. 60 బై 60 చతురస్రపు గొట్టం, 300 మి.మీ. పొడవు. ఒకటి 1.2 మి.మీ. సీఆర్ (కోల్డ్ రోల్డ్) షీటుతో వంచి చేసింది, అంటే మన భాషలో 18 గేజ్. రెండోది 3 మి.మీ. మందం. నాన్న రెండోదాన్ని చేత్తో ఎత్తి చూసి "ఇదిరా బండంటే" అన్నారు.

అమ్మాయి ఫోనుతో స్లో మోషన్ తీసింది, సెకనుకి 240 ఫ్రేములు. ఫోనులోని సెన్సర్‌నే దిమ్మెకి కట్టి కొలుద్దామనుకున్నాం గానీ, ఆ దెబ్బకి దాని గీత కొలవగల హద్దుని తాకి అక్కడే ఆగిపోయింది, కాబట్టి పనికిరాలేదు. గొట్టం వెనక సెంటీమీటరు గీతలు గీసిన అట్ట పెట్టి, ఫ్రేములు లెక్కపెట్టి కొలిచాం.

1.2 మి.మీ. గొట్టం 82 మి.మీ. నలిగింది. చప్పుడు పెద్దగా రాలేదు, బరువైన తలుపు మూసినట్టు ఒక దబ్బు, అంతే. వీడియోలో ఐదు ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో ఒక్కో మడత పడుతూ కనిపించింది: రెండు ఎదురు గోడలు లోపలికి, మిగతా రెండు బయటికి, దాని కింద మడత తిరగబడి. చీర కుచ్చిళ్లు పెట్టినట్టు ఒకదాని మీద ఒకటి. దిమ్మె ఆగడంలో సగటు 36 జీ.

3 మి.మీ. గొట్టం 23 మి.మీ. మాత్రమే నలిగింది. చప్పుడుకి పక్క షెడ్డువాళ్లు పరుగెత్తుకొచ్చారు. వీడియోలో ఒకటిన్నర ఫ్రేము. సగటు 130 జీ. కింది ప్లేటు బోల్టుల్లో ఒకటి వదులైంది కూడా.

నాన్న రెండు గొట్టాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. "అంటే ఇది గట్టిగా ఉండి, దెబ్బంతా వెనక్కి పంపించేసిందన్నమాట" అన్నారు. నేను ఇరవై రోజులుగా చెప్పాలనుకుంటున్నది ఆయనే చెప్పారు.

జీ అంటే భయపడాల్సిందేనా అని అమ్మాయి అడిగింది. 1954 డిసెంబరులో అమెరికా వైమానికదళ డాక్టరు జాన్ స్టాప్ రాకెట్ బండి మీద కూర్చుని, పట్టీలతో ఒళ్లంతా బిగించుకుని, గంటకి 632 మైళ్ల వేగం నుంచి సెకన్లలో ఆగాడు. ఆయన మీద పడింది 46 జీ. కాసేపు చూపు పోయింది గానీ బతికాడు, తర్వాత చాలా ఏళ్లు పనిచేశాడు. పట్టీలు ఎంత ముఖ్యమో అప్పుడు లోకానికి తెలిసింది. ఇదంతా చెబితే అమ్మాయి నోటుబుక్కులో రాసుకుంది.

జూలై 20

బోనాల హడావుడిలో కుర్రాళ్లెవరూ రాలేదు. సొట్టలు తీసే టింకరింగ్ భాయ్ ఒక్కడే వచ్చాడు. ఆయన చేత్తో సుత్తి తిప్పుతుంటే చూడాలి. ముప్పై ఏళ్ల అనుభవం, రేకు మీద అరచెయ్యి రాసి సొట్ట ఎక్కడుందో చెప్పగలడు.

ఈ విడతలో మూడు గొట్టాల పైభాగంలో ఎదురెదురు గోడలకి చిన్న గాడులు కొట్టి పెట్టుకున్నాను. మడత ఎక్కడ మొదలవ్వాలో రేకుకి చెప్పడానికి. ఇప్పటి బండ్ల ముందు గొట్టాల మీద కంపెనీవాళ్లే ఇలాంటి గాడులు వేస్తారు. అవి లేకపోతే మొదటి మడత పడటానికి చాలా ఎక్కువ బలం కావాలి, ఆ మొదటి దెబ్బ నేరుగా లోపలికి పోతుంది. పైగా ఎటు మడవాలో తెలియక గొట్టం పక్కకి వాలిపోవచ్చు కూడా.

టీ తాగొచ్చేసరికి భాయ్ మూడు గొట్టాలూ సాపు చేసి పెట్టాడు. గాడి ఉన్న జాడ లేదు.

"సొట్టలు వడ్డయి కదా సార్, తీసేసిన. చూడుండ్రి, అద్దం లెక్క జేసిన" అన్నాడు. పనిలో ఎక్కడా వంక లేదు.

కోపం రాలేదు, ఒళ్లు జలదరించింది. సిటీలో రోజూ ఎన్ని బండ్లు చిన్న యాక్సిడెంటై షాపుకి వస్తాయి? ఎంతమంది మంచి పనివాళ్లు, మనసు పెట్టి, కంపెనీ కావాలని వేసిన గాడుల్ని సొట్టలనుకుని తీసేస్తూ ఉంటారు? వాళ్లకి ఎవరు చెప్పారు గనక? భాయ్‌ని కూర్చోబెట్టి జూలై 6 వీడియో చూపించాను. మూడుసార్లు చూశాడు. "ఇన్నొద్దులు నాకెవ్వరు జెప్పలే సార్" అన్నాడు, గొంతు తగ్గించి.

సాపు చేసినవాటిలో ఒకదాన్ని అలాగే ఉంచి పడేశాం. గొట్టం మొదట మడత పడటానికి మొండికేసింది, తర్వాత నడుం విరిగినట్టు మధ్యలో వంగి పక్కకి పోయింది. మిగతా రెండింటికి భాయ్ స్వయంగా మళ్లీ గాడులు కొట్టాడు. అవి రెండూ పైనుంచి కిందికి బుద్ధిగా మడత పడ్డాయి. 85, 87 మి.మీ.

ఆగస్టు 3

ఆటోనగర్‌లో ఒక పాత మారుతి శవం దొరికింది. దాని ముందు గొట్టం రెండు ముక్కలు కోయించుకున్నాను. తుప్పు గీకి, మందం కొలిచే వెర్నియర్ పెడితే కొన్ని చోట్ల 0.7 మి.మీ. కూడా లేదు. ఒక ముక్కని ఉన్నదున్నట్టు ఉంచాను. రెండోదానికి మామూలుగా షాపుల్లో చేసే రిపేరు చేయించాను: తుప్పు ఉన్న వైపు 2 మి.మీ. పట్టీ వేసి గ్యాస్ వెల్డింగ్, పైన పుట్టీ, రుద్ది పెయింటు. చూడటానికి కొత్తదాని కంటే బాగుంది. గొట్టం పూర్తిగా నలిగిపోతే దిమ్మె ప్లేటుని తాకకుండా పక్కన 80 మి.మీ. ఎత్తు రబ్బరు స్టాపర్లు పెట్టాం.

తుప్పు ముక్క మడత పడలేదు. మూలల్లో స్పాట్ వెల్డింగులు బొత్తాలు తెగినట్టు ఒకటి తర్వాత ఒకటి ఊడిపోయి, పెట్టె కాస్తా విప్పిన అట్టపెట్టెలా పరుచుకుంది. 190 మి.మీ. పోయింది.

రిపేరు చేసిన ముక్క దానికంటే అన్యాయం. పట్టీ ఉన్న వైపు బిగుసుకుంది, లేని వైపు లొంగింది, గొట్టం మొత్తం పక్కకి ఒరిగిపోయి దిమ్మె స్టాపర్ల మీదే పడింది. పుట్టీ పొడైపోయి షీటు మీదికి ఎగిరింది. తుప్పు కనిపిస్తే కనీసం భయపడి జాగ్రత్తపడతాం. ఇది భయాన్ని కూడా కప్పేసింది.

నాన్న ఆ పుట్టీ పొడిని వేళ్ల మధ్య నలిపి చూస్తూ, "ఆ షాపువాడికి మనమే చెప్పాం కదరా, కనపడకుండా చెయ్యమని" అన్నారు. నిజమే.

రాత్రి ఇంటికొచ్చాక నాన్నకి రెండు వీడియోలు చూపించాను. ఒకటి 2009లో అమెరికాలో తీసింది. 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్, 2009 నాటి షెవర్లే మాలిబు, రెండింటినీ 64 కి.మీ. వేగంతో ఎదురెదురుగా ఒక పక్కకి తగిలేలా గుద్దించారు. పెద్ద పాత కారు కూర్చునే చోటే కూలిపోయింది, కొత్తదాని ముందు భాగం నుజ్జయినా లోపలి పెట్టె నిలబడింది. రెండోది రోవర్ 100. మారుతి లాంటి చిన్న కారే, 1980 నాటి మెట్రో డిజైను. 1997లో, కార్లని గుద్దించి చూసి స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ మొదటి విడతలో దానికి ఒక్క స్టారే వచ్చింది. అమ్మకాలు పడిపోయి కొంతకాలానికే దాని తయారీ ఆపేశారు. బొమ్మ మనిషి మోకాళ్ల మీదికి డ్యాష్‌బోర్డు వచ్చేసిన ఫ్రేము దగ్గర నాన్న ఆపమన్నారు.

మన దేశపు సంగతి కూడా చెప్పాను. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ మన దగ్గర అమ్మే ఐదు చిన్న కార్లని, ఎయిర్‌బ్యాగులు లేని రకాలని, 64 వేగంతో గుద్దించింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. ఐదింటికీ సున్నా స్టార్లు. కానీ పోలోలో రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టి మళ్లీ గుద్దిస్తే నాలుగు స్టార్లు వచ్చాయి. దాని బాడీ అప్పటికే నిలబడింది గనక ఎయిర్‌బ్యాగు పనికొచ్చింది. కూర్చునే పెట్టే కూలిపోయే బండికి సంచీ తగిలిస్తే ఏం లాభం? మనకి ముందు నుంచి గుద్దే పరీక్ష కొత్త మోడళ్లకి 2017 అక్టోబరులో, అన్ని కార్లకీ 2019 అక్టోబరులో తప్పనిసరి అయింది. భారత్ ఎన్‌క్యాప్ మొదలైంది 2023 అక్టోబరులో. మా బండి పుట్టింది 1992లో. ముందు సీట్లకి బెల్టులు పెట్టాలన్న నిబంధన కూడా అప్పటికి లేదు, అది 1994లో వచ్చింది.

ఆగస్టు 31

నెలంతా వాన. పెయింటు ఆరదు, వెల్డింగుకి కరెంటు నిలవదు. అయినా పని నడిచింది.

రెండు రన్నింగ్ బోర్డులూ, ముందు గొట్టాల్లో తుప్పు పట్టిన ముక్కలూ, డ్రైవర్ కాళ్ల కింది ఫ్లోరూ కోసేశాం. కోసేముందు తలుపుల సందులకి అడ్డంగా గొట్టాలు తాత్కాలికంగా టాక్ వెల్డింగ్ వేశాం, లేకపోతే బాడీ కుంగి తలుపులు మళ్లీ పడవు. పట్టీ మీద పట్టీ ఎక్కడా వెయ్యలేదు. మంచి రేకు తగిలేదాకా కోసి, అదే మందం రేకు, అదే వంపుతో కొత్త ముక్క చేసి కూర్చోబెట్టాం. కంపెనీ వరసగా స్పాట్ వేసిన చోట మేమూ రంధ్రాలు చేసి మిగ్ వెల్డింగ్‌తో పూడ్చి అదే దూరంలో చుక్కలు పెట్టాం. లోపల జింక్ ప్రైమర్, తర్వాత మైనం కొట్టాం. ఇప్పుడు స్క్రూడ్రైవర్‌తో ముందు నుంచి వెనక దాకా తడితే ఒకే చప్పుడు.

భాయ్ ఇప్పుడు ప్రతి గొట్టం మీదా ముందు అరచెయ్యి రాసి, "సార్, గిది సొట్టనా, కంపెనీదా?" అని అడుగుతున్నాడు. వేరే షాపులో పనిచేసే తమ్ముడికి కూడా వీడియో పంపించాడట.

సెప్టెంబరు 21

బెల్టులు. బోల్టులు రాణిగంజ్‌లో తెచ్చాను, 7/16 అంగుళం, యూఎన్‌ఎఫ్ మర, అంగుళానికి 20 చుట్లు. సీటు బెల్టుల బోల్టులన్నీ దాదాపు ఇదే కొలత. బోల్టు ఎంత గట్టిదైనా అది పట్టుకున్నది పల్చటి రేకుని. కాబట్టి బెల్టు పెట్టే ముందు అతుకుని లాగి చూద్దామనుకున్నాను. బెల్టు కట్టే చోట్లకి యూరప్ నిబంధనల్లో భుజం వైపు 13,500 న్యూటన్లు, నడుం వైపు మళ్లీ అంతే బలంతో ఒకేసారి లాగి పరీక్షిస్తారు. ఒక్కోటి దాదాపు 1,375 కిలోల బరువు వేలాడదీసినట్టు. అంత పరీక్ష బండి మీద చేసే వీలు నాకు లేదు. అతుకు నమూనా ఒక్కదాన్ని, ఒక్క బోల్టుతో, లాగే బలాన్ని కొలిచే లోడ్ సెల్ పెట్టి చైన్ పుల్లీతో లాగాం.

ముందు మామూలు పెద్ద వాషర్ వేసి బిగించిన 0.8 మి.మీ. రేకు ముక్క. 600 కిలోలు దాటగానే రేకు వాషర్ చుట్టూ గిన్నెలా ఉబ్బింది. 740 దగ్గర చిరిగి, వాషర్‌తో సహా బోల్టు బయటికి వచ్చేసింది. చాలా బండ్లకి షాపుల్లో తర్వాత పెట్టే బెల్టులు ఇలా వాషర్‌తోనే పెడతారు.

రెండో నమూనాకి మూలలు గుండ్రం చేసిన 3 మి.మీ. ప్లేటు, అరచెయ్యంత, వెనక నట్టు వెల్డింగ్ చేసి, చుట్టూ రేకుకి అతికాం. 1,400 కిలోల దగ్గర ఆపి, నిమిషం పట్టి ఉంచాం. రేకు కొద్దిగా పొంగింది, చిరగలేదు. ఇక్కడ మందం కావాలి, ముందు గొట్టంలో మడత కావాలి. ఒకే బండిలో ఒక చోట పనికొచ్చేది ఇంకో చోట ప్రాణం తీస్తుంది. ఎక్కడ ఏది కావాలో కనిపెట్టడమే ఈ పనంతా.

అక్టోబరు 5

ప్లేట్లు బండిలో వేశాం. బెల్టులు బిగించాం. అమ్మాయి డ్రైవర్ సీట్లో కూర్చుంటే బెల్టు మెడని రాసుకుంటోంది, పై బోల్టు కొంచెం ఎత్తుగా పడింది. అది నాన్నకి సరిపోయే ఎత్తు. పిల్లకి భుజం ఎముక మధ్యలోంచి పోవాలి. రెండు అంగుళాల కింద ఇంకో ప్లేటు వేయాలి, వచ్చే వారం పని.

మధ్యాహ్నం ముగ్గురం బండి నీడలో కూర్చుని, జూన్‌లో మూల మడిచిన పేజీ తీశాను. 33, 67. నాన్న ఇప్పుడు ఆ లెక్క తనే వివరించి చెప్పారు మనవరాలికి. "నీ బండి బాగుపడింది, ఎదురొచ్చే బండి బరువు తగ్గలేదు" అన్నారు. డ్రైవింగ్ స్కూల్లో, ఎయిర్‌బ్యాగులూ ఏబీఎస్ బ్రేకులూ ఉన్న కారు మీద నేర్చుకోమని ఆయనే చెప్పారు. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ఈ బండి ఎప్పుడూ వెళ్లదు. ఆదివారం పొద్దున్నే, ట్రాఫిక్ లేనప్పుడు, కాలనీ నుంచి కూరగాయల మార్కెట్టు దాకా, బెల్టులు పెట్టుకుని, నలభై దాటకుండా. అమ్మాయి కాసేపు అలిగింది, తర్వాత కొత్త ప్లేటుకి కొలతలు తనే తీసింది.

టవర్ విప్పుదామనుకున్నాను. భాయ్ వద్దన్నాడు. వాళ్ల బస్తీలో టింకరింగ్ చేసే కుర్రాళ్లు ఎనిమిది మంది వచ్చే శుక్రవారం నమాజు అయ్యాక వస్తారట. గాడులున్న గొట్టాలు నాలుగు, సాపు చేసినవి నాలుగు సిద్ధం చేయమన్నాడు.